కొత్త గురువు పాదం

ఓడిపోతున్న జట్టుకు కొత్తగా వచ్చిన గురువును ఎన్నో ఓటమి తర్వాత వెళ్ళగొట్టాలో మీకు ఎవరు చెప్పారు? మిమ్మల్నే అడుగుతున్నాను. పంచాంగంలో ఉందా, ధర్మశాస్త్రంలో ఉందా, లేక అరుగు మీద కూర్చున్న నలుగురికీ ఓపిక చచ్చిన రోజే ఆ ముహూర్తమా? ఈ వేసవిలో కూడా మన వైపు రెండు మూడు ఊళ్ళలో ఇదే మాట నడుస్తోందని విన్నాను. ఉంచాలా, పంపాలా అని వాదించుకుంటున్నారట. వాదించుకునే ముందు మా ఊళ్ళో జరిగింది వినండి. నేను ఆ జట్టులో ఆడినవాణ్ణి. కుడి చివర నిలబడేవాణ్ణి.

మా ఊరు పలివెలకు దగ్గర, గౌతమి ఒడ్డున. ఏటవతల ఆలమూరు వైపు ఊళ్ళు. వేసవిలో ఏరు సన్నబడి, మధ్యలో పెద్ద ఇసుకతిన్నె తేలుతుంది. ఈ ఒడ్డు వాళ్ళకూ ఆ ఒడ్డు వాళ్ళకూ చెడుగుడు పందేలు ఆ తిన్నె మీదే జరిగేవి. మధ్యలో గీత. పడమటి సగం మాది, ఎందుకంటే మా ఒడ్డు అటే ఉంది. మేం తూర్పుముఖంగా నిలబడేవాళ్ళం, వాళ్ళు పడమటిముఖంగా. ఈ ఏర్పాటు ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. మా తాతల నాడు కూడా అంతేనట. తూర్పుముఖం శుభమని మా సిద్ధాంతిగారు అనేవారు. శుభమో కాదో గానీ, మా జట్టు చాలా ఏళ్ళు గెలిచిన మాట నిజం.

ఆ గెలుపులన్నీ మా పాత గురువుగారి పేరున ఉండేవి. ఆయన కూతకు వెళితే ఎదుటి జట్టు వెనక్కి జరిగేది. పట్టుబడ్డా ఇద్దరు ముగ్గుర్ని ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చేవారు. నేను చూసేనాటికి ఆయన మోకాలు పట్టేసింది. కర్ర సాయంతో వచ్చి, మునసబుగారి పక్కన పీట వేయించుకుని కూర్చునేవారు. నన్ను చాలా ప్రేమగా చూసేవారు. ఆ మాట కూడా రాయాలి.

ఆనకట్ట అయిపోయి, మా వైపు కాలువలు తవ్వుతున్న రోజులవి. రాయీ సున్నం మోసే పడవలు సాయంత్రమయ్యేసరికి ఆ తిన్నె చుట్టూ లంగరు వేసేవి. పడవవాళ్ళు ఇసుక మీద పొయ్యిలు రాజేసుకునేవారు. అందువల్ల ఎప్పుడూ సాయంత్రం జరిగే ఆటలు పొద్దునపూటకు మారాయి. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పొద్దునైతే చల్లగా ఉంటుందని సంతోషించారు కూడా.

అదే ఏడు పాత గురువుగారు ఇక తనవల్ల కాదన్నారు. ఆ ముందటేడే ఆయన మోకాలి నొప్పితో తిన్నె దాకా రాలేక రెండు ఆటలు ఓడి ఉన్నాం. మునసబుగారు, అంటే మా పెదనాన్నగారు, కాట్రేనికోన వైపు నుంచి కొత్త గురువును రప్పించారు. సముద్రం ఒడ్డున పడవలు నడిపే ఇంట పుట్టిన మనిషి. పెద్ద ఒడ్డూ పొడుగూ లేదు. మాట తక్కువ, కోపం మాత్రం తొందరగా వచ్చేది. భార్యా, చంటిపిల్లా వెంట వచ్చారు. కొబ్బరితోట చివర ఒక గుడిసె వేసి, ఊరి తాటాకులు కప్పించి ఇచ్చారు. జట్టు నిలబడితే ఆ గుడిసె ఆయనది. లేకపోతే వానలు పడకముందే ఖాళీ చెయ్యాలి. ఒప్పందం అంతే. కాట్రేనికోన వైపు వాళ్ళ ఇల్లు అంతకుముందు ఉప్పెనకు పోయింది. వెళ్ళమంటే వెళ్ళడానికి వాళ్ళకు చోటు లేదని ఊరందరికీ తెలుసు.

ఆయన పద్ధతి మాకు కొత్త. అంతవరకూ ఎవడికి వాడు ఎగిరి పట్టేవాడు. పట్టినవాడికి పేరు. ఈయన అందరినీ చెయ్యి చెయ్యి పట్టించి, గొలుసులా నిలబెట్టాడు. ఒక్కడు కదిలితే పక్కవాడు కదలాలి, ఇద్దరు కలిసే పట్టాలి.

"చేతులు పట్టుకుని తిరగడానికి ఇది కోలాటం అనుకున్నారాండి, గురువుగారూ?" అన్నాడు మా పెదనాన్నగారబ్బాయి.

"కోలాటంలో కర్ర తప్పితే పక్కోడి వేలు నలుగుద్దండి. ఇక్కడ మీరు తప్పితే జట్టంతా నలుగుద్ది. చెయ్యి పట్టుకోండి."

మొదటి ఆట రోజు ఇంకా నా కళ్ళముందుంది. కొబ్బరిచెట్ల మీద నుంచి పొద్దు అప్పుడే లేచింది. ఏటినీళ్ళు ఆ వెలుగునంతా తెచ్చి మా మొహాన కొడుతున్నాయి. అవతలి జట్టు పెద్ద చేతులు జోడించి వచ్చాడు.

"మీది పెద్ద ఊరండి. తూర్పుముఖం ఎప్పుడూ మీదేనండి. మేం ఎటైనా సర్దుకుంటాం."

పెదనాన్నగారు ఆ మర్యాదకు పొంగిపోయారు. కొత్త గురువు ఆయన దగ్గరకు వెళ్ళి మెల్లగా అన్నాడు.

"బాబుగారండి, ఈ పూటకి మనం అటుపక్క తీసుకుందామండి. ఇటైతే పొద్దు కంట్లో పడతాది."

"అటు నిలబడితే మనోళ్ళ మొహాలు ఎటు తిరుగుతాయి?"

"పడమరకండి."

"పడమరకి కాదు, మన ఊరి మీదకి. సొంత ఊరి మీదకే కూతెయ్యమంటావా? వెళ్ళి నీ పని చూసుకో."

ఆయన "ఆయ్" అని వచ్చేశాడు.

ఆట మొదలైంది. వాళ్ళ మనిషి గీత దాటి వచ్చాడు. పొద్దు సరిగ్గా వాడి తల వెనక ఉంది. నాకు కనిపించింది మనిషి కాదు, ఒక నల్లని మచ్చ. వాడి కాళ్ళు ఎటు కదులుతున్నాయో, చెయ్యి ఎటు చాస్తున్నాడో తెలియలేదు. నడుమనుకుని పట్టబోయాను, చేతికి గాలి దొరికింది. వాడు నా భుజం తట్టి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. మావాడు కూతకు వెళితే వాడికీ అదే గతి. కళ్ళు చికిలించుకుంటూ వెళ్ళి, ఎదురుగా ఎవరున్నారో తెలియక, వాళ్ళ చేతుల్లోకే నడిచాడు. ఓడిపోయాం. చిత్తుగా ఓడిపోయాం.

ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది? సాయంత్రం ఆడిన రోజుల్లో తూర్పుముఖంగా నిలబడితే పొద్దు మా వీపు వెనక ఉండేది. కళ్ళు మూసుకుపోయేది వాళ్ళకు. ఆట పొద్దునకు మారింది, మేం మాత్రం మారలేదు. పసిపిల్లలకు చెప్పినా తెలిసే సంగతి ఇది. కానీ ఊరు ఆకాశం వైపు చూడలేదు. కొత్తాయన కాళ్ళ వైపు చూసింది.

రేవులో బిందె ముంచుతున్న ఒక ముసలమ్మగారు మొదలుపెట్టింది. ఆ మనిషి మా రేవులో కాలు పెట్టిన రోజే తమ గేదె పాలు ఇంకిపోయాయట. ఆ మరుసటి వారానికి ఇంకొకరి అరటితోట గాలికి పడిపోవడం కూడా ఆ పాదం పనే అయింది. ఎవరి పిల్లకో జ్వరం వచ్చింది, అదీ ఆ పాదమే. ఒక మనిషి పాదం ఇన్ని పనులు చెయ్యగలిగితే, ఆ పాదాన్ని కుంఫిణీవాళ్ళు కాలువ తవ్వకానికి తీసుకుపోయి ఉండేవాళ్ళు.

కొత్త గురువు భార్య నీళ్ళకు వచ్చినప్పుడు మాటలు ఇలా ఉండేవి.

"ఏవమ్మా, మీ ఊళ్ళో కూడా ఇలాగే ఓడేవోరా, మా ఊరికొచ్చేకే నేర్చుకున్నారా?"

"మా ఊళ్ళో మా ఆయనే ఆడేవోరండి. ఇక్కడ మీ అబ్బాయిలు ఆడుతున్నారు," అందామె, బిందె చంకనెత్తుకుంటూ.

ఆ జవాబు ఊరంతా తిరిగింది. దాని వల్ల ఆమెకు మేలు జరగలేదు. ఆ తర్వాత ఆమె వచ్చే వేళకు రేవు ఖాళీ అయిపోయేది. ఆమె నీడ పడితే బిందెలకు పాదదోషం అంటుకుంటుందేమోనని భయం.

రెండో ఆటలో తప్పు గురువుదే. మాలో ఒక లావుపాటి మనిషిని పట్టుబట్టి మొదటి కూతకు పంపాడు. వాడికి ఊపిరి చాలలేదు. గీత దగ్గరే కూత తెగింది, ఆ ఆటా పోయింది. ఆట అయ్యాక ఆయనే మా ముందు ఒప్పుకున్నాడు. "నేను సరిగా ఎంచలేదండి. ఆ మనిషి పట్టుకి పనికొస్తాడు, కూతకి కాదు." పాత గురువుగారు ఇన్నేళ్ళలో ఎన్నడూ ఇలాంటి మాట అనలేదు. అందుకని ఈ మాట మా పెద్దలకు బలహీనతగా వినిపించింది. తప్పు ఒప్పుకున్నవాడు వాళ్ళ లెక్కలో రెండుసార్లు ఓడినవాడు.

మర్నాడు సాయంత్రం పెద్దలంతా మునసబుగారి అరుగు మీద చేరారు. జట్టువాళ్ళం కింద వాకిట్లో కూర్చున్నాం. గురువును పిలవలేదు. ఎవరి గురించి తీర్పు చెబుతున్నారో ఆ మనిషి అక్కడ ఉండనక్కర్లేదని మావాళ్ళ న్యాయం.

సిద్ధాంతిగారు గొంతు సవరించుకున్నారు. "నేను మనిషిని అనడం లేదండి. వచ్చిన ఘడియని అంటున్నాను. ఘడియ మంచిది కాదు."

"ఆ ఘడియ పెట్టింది తమరే కదండి?" అన్నాను.

వాకిట్లో నవ్వారు. పెదనాన్నగారు అటు చూడగానే నవ్వులు ఆగాయి.

"నేను పెట్టిన ఘడియకి ఆయన చేరితే కదా. పడవ ఆలస్యమైంది," అన్నారు సిద్ధాంతిగారు. అని, తాంబూలం నోట్లో వేసుకున్నారు.

నేను లేచి నిలబడ్డాను. చెప్పవలసింది చాలా ఉంది, చెప్పింది కొంచెమే. ఒక ఏడు రెండు మార్పులు జరిగాయి, వేళ మారింది, గురువు మారాడు. ఏ మార్పు వల్ల ఓడుతున్నామో తెలియాలంటే ఒకదాన్ని వెనక్కి తిప్పి చూడాలి. వేళను తిప్పలేం, పడవలున్నాయి. కాబట్టి నిలబడే పక్క మార్చి ఒక్క ఆట ఆడదాం. అప్పుడూ ఓడితే ఆయన్ని పంపండి, నేనే పడవ ఎక్కిస్తాను. గెలిస్తే దోషం పాదంలో లేదని తేలిపోతుంది.

"గెలిస్తే?" అన్నారు పెదనాన్నగారు.

"గెలిస్తే మంచిదే కదండి."

"ఊరి మీదకి తిరిగి నిలబడి గెలిచిన గెలుపు నాకొద్దురా. మన ఆడోళ్ళంతా ఒడ్డున నిలబడి చూస్తారు. వాళ్ళ మొహాన కూతేస్తావా? నీకు చదువెక్కువై సిగ్గు తక్కువైంది."

నాకు మిగిలింది ఒక్కరే. పాత గురువుగారి వైపు తిరిగాను.

"మీరు ఆడేటప్పుడు పొద్దు ఎటుండేదండి?"

ఆయన కర్ర మీద గడ్డం ఆనించుకుని నా వైపు చాలాసేపు చూశారు. ఆయనకు తెలుసునని నాకు అప్పుడే అర్థమైంది. ఔనంటే చాలు, ఆ సంసారానికి గుడిసె నిలబడేది. కానీ ఔనంటే, ఒక బతుకంతా గెలిచిన ఆటల్లో పొద్దుకూ వాటా పెట్టాలి.

"పొద్దు చూసుకుంటూ ఆడేవాణ్ణయితే ఇన్ని ఆటలు గెలిచేవాణ్ణా, అబ్బాయ్?"

అరుగు మీద అందరూ తలలూపారు. చివరికి మూడో ఆట దాకా ఉండనిస్తామన్నారు. నిలబడే పక్క మాత్రం మారదు. దీన్ని వాళ్ళు గడువు ఇవ్వడం అన్నారు. చేతులు కట్టేసి ఈదమని, మునిగేదాకా చూస్తామనడం గడువు ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. పెదనాన్నగారు దుర్మార్గులు కారు. కరువు రోజుల్లో గాదెలు తెరిచి ఊరికి గంజి పోయించిన మనిషి. మంచివాళ్ళు చేసే అన్యాయానికి అడ్డు చెప్పడం ఎంత కష్టమో ఆ సాయంత్రం తెలిసింది.

తీర్పు నేనే వెళ్ళి చెప్పాను. ఆయన గుడిసె ముందు కూర్చుని వల అల్లుతున్నాడు. విని, వల పక్కన పెట్టి లేచాడు.

"పక్క మారదంటే మనమే మారదామండి. పొద్దున్నే తిన్నె మీదకి రండి."

మర్నాడు మమ్మల్ని పొద్దుకు ఎదురుగా నిలబెట్టి, తలగుడ్డలు కనుబొమల దాకా లాగి కట్టుకోమన్నాడు. తను గీత అవతల, తూర్పున నిలబడ్డాడు.

"నన్ను చూడకండి. ఇసక మీద చూడండి. ఏం కనపడతాది?"

"మీ నీడండి."

పొద్దునపూట నీడ తాటిచెట్టంత పొడుగు. మనిషి గీత దాటకముందే వాడి నీడ మా కాళ్ళ దగ్గరకు వచ్చేస్తుంది. చెయ్యి చాస్తే నీడ చెయ్యి చాస్తుంది. నడుం వంచితే నీడ కురచవుతుంది. పొద్దు మా కళ్ళను పోగొడితే, ఆ పొద్దే ఇసుక మీద వాడి రహస్యం పరుస్తోంది. కానీ అది చూడటం వేరు, చూసి కదలడం వేరు. మనిషి వస్తుంటే తల దించుకుని నేల చూడాలంటే ఒళ్ళు ఒప్పుకోదు. తల దానంతటదే లేస్తుంది. రోజూ తిట్లు తిన్నాం. ఆయన కోపం అప్పుడు పూర్తిగా చూశాను. ఇసుక తీసి మా మొహాల మీద కొట్టేవాడు. కొందరు రావడం మానేశారు. వాళ్ళలో ఇద్దరు తిరిగి వచ్చారు. కొన్నాళ్ళకు, అప్పుడొకసారి ఇప్పుడొకసారి, నీడ కదలగానే గొలుసు తనంతట తానే మూసుకునేది. అలా జరిగినప్పుడు మాకే ఆశ్చర్యంగా ఉండేది. అందరికీ పట్టుబడలేదు. మా పెదనాన్నగారబ్బాయికి అసలు పట్టుబడలేదు. నేల చూస్తూ ఆడటం నామోషీ అనేవాడు.

మూడో ఆట నాటికి మృగశిర వచ్చేసింది. ఆకాశంలో మబ్బులున్నా తూర్పున ఎండ బాగానే కాసింది. వాళ్ళ మొదటి మనిషి ఎప్పటిలాగే నవ్వుకుంటూ వచ్చాడు. నేను తల ఎత్తలేదు. నీడ భుజం నా ఎడమకు వాలింది. నేనూ పక్కవాడూ ఒక్కసారే కదిలాం. వాడి నడుం చేతికి దొరికింది. కూత తెగిపోయింది. ఒడ్డున నిలబడ్డ మా ఊరు అరుపులందుకుంది. మరో ఇద్దర్ని అలాగే పట్టాం. అవతలి పెద్ద నవ్వడం మానేశాడు.

చివరికి వాళ్ళలో ఒక్కడు, మాలో నలుగురం మిగిలాం. వాడు కూతకు వచ్చాడు. నీడ మా మధ్యకు వచ్చింది. ఇంకొక్క అడుగు రానిచ్చి మూసెయ్యాలి. అప్పుడు మా పెదనాన్నగారబ్బాయి, ఒడ్డున తండ్రి చూస్తున్నాడని, నా చెయ్యి విడిపించుకుని ఒంటరిగా ఎగిరాడు. గొలుసు తెగింది. ఆ సందులోంచి వాడు నలుగుర్నీ తాకి గీత దాటాడు.

నేను ఆ ఇసుకలో కూర్చుండిపోయాను. ఓడినందుకు కాదు. గెలవడానికి ఇంత దగ్గరకు వచ్చామని ఒడ్డున ఉన్నవాళ్ళలో ఒక్కరికీ కనబడలేదు. వాళ్ళకు ఓటమి ఒక్కటే తెలుసు. మొదటి ఆటలో చిత్తుగా ఓడటానికీ ఈ ఓటమికీ తేడా చూసే కళ్ళు వాళ్ళకు లేవు.

మర్నాడు పొద్దున పాలేళ్ళు గుడిసె మీద తాటాకులు దింపారు. ఆకులు ఊరివి కదా. తుంపర పడుతోంది. ఆమె పిల్లను కొంగులో చుట్టుకుని, కప్పులేని గోడల మధ్య నిలబడి, కుండలు బుట్టలో సర్దుకుంది. నేను బుట్ట మోసుకుని రేవు దాకా వెళ్ళాను. నాతో జట్టువాళ్ళు ఇద్దరే వచ్చారు.

"మీకు ఇంకెంత కాలం కావలసి వచ్చేదండి?" అని అడిగాను.

ఆయన పడవ అంచు మీద చెయ్యి వేసి ఆలోచించాడు.

"ఏవోనండి. వచ్చే వేసవికి తెలిసేది. తెలిసి, నావల్ల కాదనుకుంటే నేనే వెళ్ళిపోదును."

ఆ వేసవి మొత్తంలో మా ఊళ్ళో తనకు తెలియదని చెప్పినవాడు ఆయన ఒక్కడే. సిద్ధాంతిగారికి ఘడియ తెలుసు, పెదనాన్నగారికి పరువు తెలుసు, రేవులో ముసలమ్మగారికి గేదె సంగతి తెలుసు. తెలియదన్నవాణ్ణి వానలో పంపేశాం. వాళ్ళు ఎక్కడికి చేరారో నాకు కబురు లేదు. రెండేళ్ళ తర్వాత కాట్రేనికోన వెళ్ళి అడిగాను. ఆ మనిషి అటు రాలేదన్నారు.

తర్వాత రాజోలు వైపు నుంచి ఒకాయన్ని తెచ్చారు. ఆయన వచ్చీ రాగానే గొలుసు మాన్పించాడు. నీడ సంగతి మేం చెబితే విననైనా వినలేదు. ఆ ఏడూ ఓడాం, ఆయన పాదమూ మంచిది కాదని తేలింది. ఆ తర్వాతి ఆయనకూ అంతే. ప్రతిసారీ కొత్త మనిషి, కొత్త పద్ధతి, మొదటి నుంచి మొదలు. నేర్చుకున్నదంతా ప్రతి వానాకాలం రేవు దాటి వెళ్ళిపోయేది. చివరికి ఆటగాళ్ళు ఒకరొకరే కాలువ పనికి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ తిన్నె మీద దోసపాదులు వేస్తున్నారు.

గురువులందరూ మంచివాళ్ళని నేను చెప్పడం లేదు. చేతకానివాణ్ణి పంపవలసిందే. కానీ చేతకాదని తెలియడానికి ఒక వేసవి చాలదు, అదీ మీ అలవాట్లు వాడి కాళ్ళకు చుట్టుకుని ఉన్నప్పుడు. ఓడిన ఆటలు లెక్కపెట్టే ముందు, ఏం నేర్చుకుంటున్నారో చూడండి. రేపు మీ ఊరి అరుగు మీద ఈ మాట వచ్చినప్పుడు మాట్లాడకుండా కూర్చోకండి. ఆ గురువును అక్కడికి పిలిపించండి. మా అలవాట్లలో మీకు అడ్డం ఏదని అందరి ముందూ ఆయన్నే అడగండి. ఆయన చెప్పినదాన్ని తీసేసి, రెండు వేసవులు ఆయన్ని ఉండనివ్వండి. పాదం అనే మాట ఎవరి నోట వచ్చినా, ఆ నోటిని అక్కడికక్కడే నిలదీయండి.